కాగితం మీది ఇరవై ఐదు గంటలు

ఇటలీలోని ఫెర్రారాలో ముసలివాళ్లకు తోడుగా ఇంట్లో మనిషిని పెట్టుకున్న కుటుంబాలు నాకు చాలా తెలుసు. ఆ మనిషి వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నట్టు ప్రభుత్వానికి చెప్పారని అడిగితే, ఆ రోజుల్లో దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకే జవాబు వచ్చేది: ఇరవై ఐదు. ఆ సంఖ్య వెనుక ఒక తర్కముంది. ఇంటి పనివారి పింఛనుకూ బీమాకూ యజమాని మూడు నెలలకొకసారి చందా కట్టాలి. వారానికి ఇరవై నాలుగు గంటల వరకు గంటకు కట్టవలసిన రేటు ఎక్కువ. ఆ గీత దాటగానే రేటు పడిపోతుంది. కనుక చట్టం లోపలే ఉన్నట్టు కనిపిస్తూ అతి తక్కువ కట్టాలంటే గీతకు ఒక్క గంట అవతల నిలబడాలి. అందరూ అక్కడే నిలబడేవారు. మిగతా పనికి డబ్బు కవరులో పెట్టి చేతికిచ్చేవారు. అది మోసమని ఎవరికీ తోచేది కాదు. వంటింట్లో ఉప్పు సరిచూసుకున్నట్టు అదొక సర్దుబాటు.

ఓర్నెల్లా కూడా అక్కడే నిలబడింది. మేమిద్దరం ఒకే బడిలో పనిచేశాం. ఆమె లాటిన్ చెప్పేది, నేను చరిత్ర. పిల్లలు ఒక విభక్తి తప్పు రాస్తే పేజీ మొత్తం తిరిగి రాయించే మనిషి ఆమె. బస్సులో టికెట్టు మీద ముద్ర సరిగా పడలేదని డ్రైవరు దగ్గరికి వెళ్లి మళ్లీ వేయించుకునేది. అంత ఖచ్చితమైన మనిషి ఆ ఇరవై ఐదుకు ఎలా ఒప్పుకుందన్నది అర్థం కాకపోతే తర్వాత జరిగినదేదీ అర్థం కాదు.

ఆమె తల్లి ఇసోలీనా గారు సాన్ రొమానో వీధిలో చాలా ఏళ్లు బొత్తాలు, దారాలు, లేసుల దుకాణం నడిపింది. ఎనభై రెండో ఏట మెట్ల మీద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక రాత్రింబవళ్లు పక్కన ఒకరు ఉండక తప్పలేదు. ఓర్నెల్లాకు బడి ఉంది. ఆమె తమ్ముడు దారియోకు బొలోనాలో ట్రాక్టరు విడిభాగాల వ్యాపారం ఉంది. అప్పుడు జినాయిద వచ్చింది. ఆమెది మోల్డోవా. అక్కడ శిశు పాఠశాలలో ఉపాధ్యాయినిగా ఉండేది. ఆ బడి మూతపడ్డాక పన్నెండేళ్ల కూతురు డోయినను తన తల్లి దగ్గర వదిలి పనికోసం ఇటు వచ్చింది. ఈ ఇంట్లో ఆమె పేరు జీనా అయింది.

ఒప్పందం రాయించడానికి ముగ్గురూ కార్మిక సంఘం ఆఫీసుకు వెళ్లారు. ఇంట్లోనే ఉండి చేసే మనిషికి వారానికి యాభై నాలుగు గంటల పని అని అక్కడి గోడ మీద అచ్చువేసి ఉంది. దారియో దానివైపు చూడను కూడా చూడలేదు.

"ఇరవై ఐదు రాయించక్కా. మా ఆఫీసులో ముగ్గురికి ముసలి తల్లులున్నారు. ముగ్గురిదీ ఇరవై ఐదే."

"పగలూ రాత్రీ ఇక్కడే ఉంటుంది కదరా?"

"ఉంటుంది. గురక పెట్టిన గంటలకి కూడా చందా కడతావా?"

ఓర్నెల్లా జినాయిద వైపు చూసింది. జినాయిదకు అప్పటికే ఆ లెక్క తెలుసు. ఆదివారాలు పార్కు బెంచీల మీద కూర్చునే ఆమె దేశపు ఆడవాళ్లు మొదట నేర్పేది అదే. ఈ దేశంలో ఇంటి యజమాని పనిమనిషి జీతంలోంచి ఆదాయపు పన్ను కోసి కట్టడు. ఆ పన్ను ఆమే లెక్క చూసుకుని ఏడాదికొకసారి కట్టుకోవాలి. కాగితం మీద జీతం చిన్నదైతే కట్టవలసింది ఏమీ ఉండదు.

"నాకూ ఇదే మేలు సిన్యోరా," అంది జినాయిద.

అలా ముగ్గురికీ లాభమైన అబద్ధం ఒకటి కాగితం మీదికి ఎక్కింది. ఒకరు ఇంకొకరిని వంచించి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తగవు వచ్చి బయటపడేది. అందరికీ నచ్చింది కనుక అది ఐదేళ్లు ఎవరి కంటికీ కనిపించకుండా ఉండిపోయింది. ఆ కాగితానికి చందా లెక్క తప్ప మరో పని పడుతుందని ఆ గదిలో ఎవరూ ఊహించలేదు.

ఆ ఐదేళ్లూ ఆ ఇంట్లో కష్టమున్నా చేదు లేదు. ఇసోలీనా గారి నోరు పదునైనది. జినాయిద పిండి రేకుల్లో గుమ్మడికాయ కూరి కప్పెల్లాచ్చి చేస్తుంటే కుర్చీలోంచి అజమాయిషీ చేసేది.

"ఇంత లావు చేస్తే పోపుగారు కూడా ఒక్కటి తిని లేస్తారు. మీ ఉక్రెయిన్‌లో ఇలాగే చేస్తారా?"

"మాది మోల్డోవా నోన్నా."

"రైలు ఒకటే కదా."

"రైలు కాదు, వ్యాను. దాంట్లో మీరైతే పట్టరు."

ముసలావిడ నవ్వు ఆపుకోవడానికి ముక్కు తుడుచుకునేది. 'నోన్నా' అని మనవలు పిలిచే పిలుపును ఆవిడే అడిగి పిలిపించుకుంది. దారియో పిల్లలు ఏడాదికి రెండుసార్లు వచ్చేవారు. ఆ పిలుపు చెవిన పడక ఆవిడకు ఎంతకాలమైందో ఎవరూ ఆలోచించలేదు. జినాయిద ఆవిడను నిలబెట్టి నాలుగు అడుగులు వేయించేది, స్నానం చేయించేది, రాత్రి పక్కకు తిప్పేది. ఫోన్లో డోయినతో మాట్లాడేటప్పుడు మాత్రం వరండాలోకి వెళ్లి తలుపు వేసుకునేది.

ఐదో వసంతంలో జినాయిద తల్లికి పక్షవాతం వచ్చింది. ఆవిడను కొడుకు తన ఇంటికి తీసుకుపోయాడు. రెండు గదుల ఇల్లు, ముగ్గురు పిల్లలు. డోయినకు అందులో వంటింటి బెంచీ దొరికింది. అప్పటికామెకు పదిహేడేళ్లు. వచ్చే ఫిబ్రవరికి పద్దెనిమిది నిండుతాయి. ఆలోగా దరఖాస్తు పడితే మైనరు బిడ్డగా తల్లి దగ్గరికి రావచ్చు. నిండిన మర్నాటి నుంచి చట్టానికి ఆమె ఒక పరాయి దేశపు వయోజనురాలు మాత్రమే. దరఖాస్తు పెట్టాలంటే తల్లి ఆదాయం ఒక గీత దాటాలి. జినాయిద చేతికి వచ్చేది ఆ గీతను సులువుగా దాటుతుంది. కాగితం మీద ఉన్నది దాటదు.

ఆ సంగతి సంఘం ఆఫీసులో తెలుసుకుని వచ్చిన సాయంత్రం, చిక్కుడు గింజలు ఒలుస్తూ ఆమె ఓర్నెల్లాను అడిగింది.

"సిన్యోరా, ఒకటి అడుగుతాను. డబ్బు కాదు."

"చెప్పు జీనా."

"నా గంటలు ఉన్నవి ఉన్నట్టు రాయించండి. డోయినని తెచ్చుకోవాలంటే ఇరవై ఐదు చాలవట. ఎక్కువయ్యే చందా నా జీతంలోంచి పట్టుకోండి."

"పట్టుకోవడమేంటి, పిచ్చిదానా. రాయిద్దాం."

ఓర్నెల్లా ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. డోయినకు ఏ గది ఇవ్వాలో కూడా అప్పుడే ఆలోచించింది. తండ్రి పుస్తకాలున్న గదిలో మంచం పడుతుందని మర్నాడు నాతో చెప్పింది. ఆ వారమే వెళ్లి రాయించి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆదివారం భోజనానికి దారియో వచ్చాడు.

"నిన్నటిదాకా ఇరవై ఐదు, ఇవాళ యాభై నాలుగు. మధ్యలో ఏమైందని అడిగితే ఏం చెప్తావక్కా? అమ్మ రాత్రికి రాత్రే ముసలిదైపోయిందంటావా?"

"అడుగుతారంటావా?"

"అడక్కపోవచ్చు. అడిగితే మాత్రం ఐదేళ్లదీ జరిమానాతో కక్కిస్తారు. నాకేం, నీ పేరు మీదుంది ఒప్పందం. నీ మంచికే చెప్తున్నా."

అతను దుర్మార్గుడు కాడు. తల్లి మందుల ఖర్చు ఎప్పుడూ తనే పెట్టుకునేవాడు. అతను చెప్పిన ఉపాయం కూడా తెలివైనదే. నిరంతర సంరక్షణ అవసరమైన వృద్ధులను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే వైద్యుల సంఘం ఒకటుంది. తల్లిని వాళ్లకు చూపిద్దామన్నాడు. ధ్రువపత్రం వస్తే ప్రభుత్వం నెలనెలా భత్యమిస్తుంది, పైగా గంటలు పెంచడానికి కారణం చేతిలో ఉంటుంది. కారణం చేతిలో ఉన్నవాళ్ల పాత లెక్కలు ఎవరూ తిరగదోడరు.

నిజానికి గంటలు మార్చడానికి ఏ కారణమూ చెప్పనక్కర్లేదు. ఏ రోజైనా ఒక చిన్న ఫారం నింపి ఇస్తే సరిపోయేది. ఆ సంగతి వాళ్లకు తెలియదని కాదు. నిజం చెప్పడానికి కూడా ఒక సాకు కావాలని అనిపించేటంతగా ఆ చిన్న అబద్ధం వాళ్లకు అలవాటైపోయింది.

వైద్యుల సంఘం అక్టోబరులో వస్తామని కబురు పంపింది. అక్టోబరు ఫిబ్రవరికి ముందే వస్తుంది కనుక జినాయిద కూడా దిగులు పడలేదు. వేసవంతా డోయిన ఇటాలియన్ పదాలు నేర్చుకుని ఫోన్లో అప్పజెప్పేది. ఇసోలీనా గారు వరండా తలుపు ఇవతల నుంచే తప్పులు దిద్దేది.

వాళ్లు రావలసిన ఉదయం జినాయిద పెందలాడే లేచింది. ముసలావిడకు తలస్నానం చేయించి, జుట్టు చుట్టి పిన్నులు పెట్టింది. కాలరున్న తెల్ల జాకెట్టు ఇస్త్రీ చేసి తొడిగింది. చెవులకు ముత్యాల కమ్మలు పెట్టింది. ప్రభుత్వ వైద్యులు వస్తున్నారు, ఈ ఇంట్లో ముసలావిడను ఎలా చూసుకుంటున్నారో చూస్తారు. గోళ్ల కింద మట్టి, జాకెట్టు మీద మరక కనిపిస్తే మాట పడేది తనే. ఆ సంరక్షణే ఆమెకు తెలిసిన గౌరవం. తను చక్కగా చూసుకున్నకొద్దీ ముసలావిడకు చూసుకునే మనిషి అక్కర్లేదన్నట్టు కనిపిస్తుందని ఆమెకు తట్టలేదు. ఓర్నెల్లాకూ తట్టలేదు. తల్లిని అలా చూసి ఆమెకు ముచ్చటేసింది.

ఇక ఇసోలీనా గారికి ఈ రాకకు కారణమేమిటో ఎవరూ చెప్పలేదు. నువ్వు నీ పని చేసుకోలేవని రాసివ్వడానికి వస్తున్నారని తల్లి ముఖం మీద చెప్పడం ఓర్నెల్లా వల్ల కాలేదు. మామూలు పరీక్ష అంది. ముసలావిడ తన కారణం తానే ఊహించుకుంది. కింది అంతస్తులో ఉండే వృద్ధుణ్ణి కిందటేడు ఇలాగే ముగ్గురు వచ్చి చూసి వెళ్లారు, నెల తిరగకుండా ఆయన వృద్ధాశ్రమంలో తేలాడు. తననూ పంపడానికే వస్తున్నారని ఆవిడ నిశ్చయించుకుంది.

ఒక వైద్యుడు, ఒక వైద్యురాలు, ఒక సామాజిక కార్యకర్త వచ్చారు. ఇవాళ ఏ తేదీ అని అడిగితే ముసలావిడ తేదీ, వారం, ఆ రోజు ఏ పునీతుడి పండగో కూడా చెప్పింది. వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మంటే, జీవితమంతా గల్లాపెట్టె దగ్గర గడిపిన మనిషి, వాళ్లు చాలనేవరకూ ఆగలేదు.

"డాక్టరుగారూ, మీ కోటుకి రెండో బొత్తాం దానిది కాదు," అంది చివర. "నాలుగు కన్నాలుండాల్సిన చోట రెండు కన్నాలది కుట్టారు. ఎవరు కుట్టారో గాని."

వైద్యుడు కిందికి చూసుకుని నవ్వాడు. నడవగలరా అని అడిగాడు. జినాయిద చెయ్యి అందించబోయింది. ముసలావిడ ఆ చెయ్యి పక్కకు తోసి, బల్ల అంచు, కుర్చీ వీపు, అల్మరా తలుపు పట్టుకుంటూ కిటికీ దాకా వెళ్లింది. అక్కడ నిలబడి పరదా సర్దింది.

"కాఫీ పెట్టమంటారా మీకు?" అని అడిగింది.

ఆ కాఫీ ఆవిడ పెట్టలేదు, జినాయిద పెట్టింది. వాళ్లు వెళ్లిపోయాక ఆవిడను కిటికీ దగ్గర నుంచి మంచం దాకా ఇద్దరు మోసుకెళ్లాల్సి వచ్చింది. కాళ్లు వణుకుతున్నాయి, పెదవులు తెల్లబడ్డాయి. కళ్లు మాత్రం వెలుగుతున్నాయి.

"ఇక నన్నెక్కడికీ పంపలేరు," అంది. "చూశావా జీనా?"

"చూశాను నోన్నా," అని జినాయిద ఒక్కొక్క పిన్నూ తీసి జుట్టు విప్పింది.

నెల తర్వాత తీర్పు వచ్చింది. వృద్ధురాలు తన వయసుకు తగిన చలనశక్తితో, పూర్తి స్పృహతో ఉన్నారు. నిరంతర సంరక్షణ అవసరం లేదు. దారియో అది చదివి తల పట్టుకున్నాడు. ఇంతకుముందు గంటలు పెంచడానికి కారణం లేదు, ఇప్పుడు పెంచకూడదనడానికి ప్రభుత్వమే కారణం రాసిచ్చిందన్నాడు. మళ్లీ దరఖాస్తు పెడదాం, ఈసారి అమ్మకు అన్నీ చెప్పి, రాత్రి గౌనులోనే కూర్చోబెడదాం అన్నాడు. మలి పరీక్ష వేసవిలో గాని కుదరదని తెలిసింది.

నవంబరులో జినాయిద రెండుసార్లు అడిగింది. డిసెంబరులో అడగడం మానేసింది. ఆ మానేయడమే ఓర్నెల్లాను కదిపింది. ఆమె మా ఇంటికి వచ్చి, కోటు విప్పకుండానే, తను దేనికి భయపడుతోందో తనకే తెలియడం లేదంది. ఏముంది, భయానికి ఫారం అక్కర్లేదు, గంటలకు మాత్రం ఉంది, వెళ్లి నింపమన్నాను. కొత్త ఏడాది సెలవులు అయిన మొదటి రోజున, తమ్ముడికి చెప్పకుండా వెళ్లి నింపింది. గుమాస్తా ఏమీ అడగలేదు. యాభై నాలుగు అని కొట్టి, ముద్ర వేసి, తర్వాతివాళ్లను పిలిచాడు. మే నుంచి జనవరి దాకా ఆమె భయపడిన ప్రశ్నను అడగడానికి ఆ బల్ల వెనుక ఎవరూ లేరు.

దరఖాస్తు డోయిన పుట్టినరోజుకు ముందే పడింది. ఏప్రిల్‌లో తిరస్కరణ వచ్చింది. కిందటి ఏడాది ఆదాయం చాలదు. కొత్త ఒప్పందం బిడ్డకు పద్దెనిమిది నిండడానికి కాస్త ముందు మారింది కనుక, ఈ అవసరం కోసమే కల్పించినదిగా కనిపిస్తోంది. ఐదేళ్లు చెప్పిన అబద్ధాన్ని ఒక కార్యాలయం మారుమాట లేకుండా ముద్ర వేసి తీసుకుంది. మొదటిసారి చెప్పిన నిజాన్ని ఇంకో కార్యాలయం నమ్మలేదు. వాళ్లను తప్పుపట్టలేం. వాళ్ల ముందున్న కాగితాలు అదే చెబుతున్నాయి.

కార్మిక సంఘం వకీలు ఒక దారి ఉందన్నాడు. మొదటి రోజు నుంచీ పని యాభై నాలుగు గంటలేనని యజమాని రాసిస్తే, కోర్టులో నిలబడవచ్చు. ఆ రాసివ్వడం వల్ల యజమాని మీద ఏమేమి పడతాయో కూడా చెప్పి, రాయవలసిన వాంగ్మూలం ఓర్నెల్లా చేతికిచ్చాడు. ఆమె కాదనలేదు. పరీక్షల కాలం, జూలై రానీ అంది. దారియో ఫోను చేశాడు.

"అది నీ ఒక్కదాని సంతకం కాదక్కా. అమ్మ ఇల్లు మనిద్దరిదీ. జరిమానా దాని మీదికే వస్తుంది."

జూన్ అంతా ఆ వాంగ్మూలం ఆమె దిద్దవలసిన జవాబు పత్రాల కింద ఉంది. జినాయిద ఒక్కసారి కూడా దాని ఊసెత్తలేదు. జూలై మొదటి వారంలో ఓర్నెల్లా తల్లి ఇంటికి వచ్చేసరికి, జినాయిద ఇస్త్రీ బల్ల ముందు నిలబడి ఉంది.

"సిన్యోరా, ఆ సంతకం అక్కర్లేదు. డోయిన మాస్కో వెళ్లిపోయింది. మా మేనత్త కూతురు కుట్టుపనిలో పెట్టిస్తానంది."

"రేపు పొద్దున్నే పెడతాను. రేపే. వకీలు దగ్గరికి ఇద్దరం వెళ్దాం."

"ఇక్కడికి రమ్మని ఎవరిని పిలుస్తారు? ఆమెకి అక్కడ గది ఇచ్చారు. రెండేళ్లు కోర్టు అంటే ఎదురు చూడనంది. చిన్నప్పట్నుంచీ ఎదురుచూస్తూనే ఉన్నానమ్మా అంది." జినాయిద చొక్కా చేతిని తిప్పి మళ్లీ ఇస్త్రీ పెట్టింది. "నేనేం చెప్పను?"

ఆ శరదృతువులో ఇసోలీనా గారు నిద్రలో పోయింది. తను కిటికీ దాకా నడిచిన నడకకు ఏం మూల్యమైందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు, చెప్పనవసరమూ లేకపోయింది. అంత్యక్రియలయ్యాక ఓర్నెల్లా ఐదేళ్ల గంటలనూ ఉన్నవి ఉన్నట్టు ఒప్పుకుని, బకాయిలూ జరిమానా తన వాటాలోంచే కట్టింది. దారియో ఆ క్రిస్మస్‌కు రాలేదు. ఆ గంటలన్నీ జినాయిద పింఛనులో చేరాయి. ఆమె వచ్చి మర్యాదగా కృతజ్ఞత చెప్పింది. అది నిజమైన మేలే. వృద్ధాప్యంలో ఆమెకు ఉపయోగపడుతుంది. అయితే ఆమె అడిగింది అది కాదు. తర్వాత ఆమె దగ్గరి ఊరు చెంతోలో ఒక వృద్ధుడి ఇంట్లో చేరింది. అక్కడ మొదటి రోజునే గంటలన్నీ రాయించుకుందని, పన్ను కూడా కడుతోందని విన్నాను.

ముసలావిడ పోయాక రెండో వసంతానికి, ఇటు రావడానికి మోల్డోవావాళ్లకు వీసా అక్కర్లేదని ప్రకటించారు. అమ్మ జీతమెంతని ఎవరూ అడగరు. పాస్‌పోర్టు చూపించి ఎవరైనా రావచ్చు, మూడు నెలలుండి పోవచ్చు. డోయిన మే నెలలో వచ్చింది. ఆమెకు మాస్కోలో సెలవు దొరికింది ఒక వారమే.

ఓర్నెల్లా తల్లీకూతుళ్లను భోజనానికి పిలిచింది, నన్నూ రమ్మంది. డోయినకు ఇరవై ఏళ్లు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, సూదిపోట్లు పడిన వేళ్లు. ఇటాలియన్ పదాలు ఒకటి రెండు మిగిలాయి గాని, వాడడానికి సిగ్గుపడింది. తల్లీ కూతుళ్లు ఒకే రకంగా తల వంచి వినేవారు, అదొక్కటే వాళ్లను కలిపేది. జినాయిద మాంసాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి కూతురి పళ్లెంలో పెడుతుంటే, ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. తర్వాత జినాయిద ఆమె టీలో మూడు చెంచాల పంచదార వేసి కలిపింది. అంతకుముందే నేను కాఫీ ఇస్తే, డోయిన పంచదార వద్దని చేత్తో చెప్పింది. అమ్మ కలిపిన టీని మాత్రం ఏమీ అనకుండా తాగింది.

గిన్నెలు లోపలికి తెచ్చినప్పుడు నేను జినాయిదను అడిగాను, అమ్మాయికి జరిగిందంతా తెలుసా అని.

"చట్టం ఒప్పుకోలేదని చెప్పాను. అదే అనుకుంటోంది." కుళాయి కట్టేసింది. "నాకూ ఇదే మేలన్నది నేనే కదా ఆ రోజు. అది ఎలా చెప్పను?"

మేం తిరిగి వచ్చేసరికి ఓర్నెల్లా నిటారుగా కూర్చుని ఉంది, పాఠం మొదలుపెట్టబోయే ముందు కూర్చునేలా. ఆమె ఈ మాటకోసమే వాళ్లను పిలిచిందని అప్పుడర్థమైంది.

"జీనా, నేను చెప్పేది అమ్మాయికి చెప్పు. డోయినా, నువ్వు ఇక్కడికి రాలేకపోయింది నా వల్ల. మీ అమ్మ అడిగిన రోజునే నేను రాయించి ఉంటే నువ్వు వచ్చేదానివి. నేను భయపడ్డాను. నన్ను క్షమించమని చెప్పు."

జినాయిద కాసేపు బల్ల మీది గుడ్డను చదును చేసింది. తర్వాత కూతురి వైపు తిరిగి, తమ భాషలో మెల్లగా, ఓర్నెల్లా మాట్లాడినంత సేపే మాట్లాడింది. డోయిన శ్రద్ధగా వింది. ఓర్నెల్లా వైపు చూసి నవ్వి, తల ఊపి, ఏదో చెప్పింది.

"ఏమంటోంది?"

"రొట్టె చాలా బాగుందట. మాస్కోలో ఇలాంటిది దొరకదట."

వాళ్ల భాష లాటిన్ కడుపున పుట్టినదే. జీవితమంతా లాటిన్ చెప్పిన మనిషికి, మాటలు పూర్తిగా తెలియకపోయినా, ఏ మాట ఉందో ఏది లేదో వినిపిస్తుంది. జినాయిద చెప్పిన ఆ పొడుగాటి వాక్యాలలో రొట్టె ఉంది, ఇల్లు ఉంది, మంచి మనిషి ఉంది. తప్పు లేదు, క్షమ లేదు. ఓర్నెల్లా ముఖం చూస్తే ఆమెకు ఆ సంగతి అందిందని తెలిసింది. జినాయిద కళ్లెత్తి ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, వేడుకోలు ఉంది.

ఓర్నెల్లా మళ్లీ చెప్పమనలేదు. బుట్టలోంచి ఇంకో రొట్టె తీసి, రెండుగా తుంచి, ఒక సగం డోయిన పళ్లెంలో, ఒక సగం జినాయిద పళ్లెంలో పెట్టింది.